గాలి పోతే ఆగే బండి

మా ఊరు పెద్దపల్లి దగ్గర. వడ్లు కోసే రోజుల్లో పొలం నుంచి కొనుగోలు సెంటర్‌కు పోవాలంటే కాలువ కట్ట ఎక్కి దిగాలె. ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ట్రాలీని లాగుతది. దిగేటప్పుడు ట్రాలీ ట్రాక్టర్‌ను నూకుతది.

మొన్న యాసంగి వడ్లప్పుడు చిన్నాయన ట్రాక్టర్ నడుపుతుంటే నేను పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చున్న. కట్ట దిగుతుంటే ముందు ఒక బర్రె అడ్డం వచ్చింది. చిన్నాయన బ్రేకు తొక్కిండు. ట్రాక్టర్ ఆగబోయింది కానీ వెనుక ఉన్న వడ్ల ట్రాలీ ఆగలేదు. అది నూకిన నూకుడికి ట్రాక్టర్ వెనుక చక్రాలు పక్కకు జారినయ్. చిన్నాయన వెంటనే బ్రేకు వదిలి, గేరులోనే ఉంచి, స్టీరింగ్ సీదా పట్టి కిందికి దించిండు. బర్రె అదృష్టం కొద్దీ తానే తప్పుకుంది. కింద ఆగినంక చిన్నాయన ఏం మాట్లాడలేదు. ట్రాలీలోంచి ఒక నల్ల బండరాయి తీసి చక్రం కింద పెట్టిండు. ఆ బండ ఎప్పుడూ ట్రాలీలోనే ఉంటది. మా ట్రాలీకి ఉన్న బ్రేకు అదొక్కటే.

ఆ సంఘటన తలలోంచి పోక, ఈసారి కాలేజీ టెక్ ఫెస్ట్‌కు ట్రాలీ బ్రేకు మోడల్ చేద్దామని ఇద్దరు మెకానికల్ ఫ్రెండ్స్‌ను పట్టుకున్నాను. అమెరికాలో కార్ల వెనుక లాగే ట్రైలర్లకు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటాయి. వాటి పని సింపుల్. ట్రైలర్ చక్రం డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. ముందు బండి నుంచి వైరు ద్వారా కరెంటు వస్తే అది తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కోబోతుంది. డ్రమ్ము దాన్ని తనతో పాటు ఈడుస్తుంది. ఆ ఈడ్పుతో ఒక లివర్ కదిలి, బ్రేకు షూలను విప్పి డ్రమ్ముకు అదుముతుంది. ఎంత కరెంటు పంపాలో డ్రైవర్ దగ్గర ఉన్న కంట్రోలర్ చూసుకుంటుంది. కరెంటు మరీ ఎక్కువైతే ట్రైలర్ చక్రాలు బిగుసుకుని జారతాయి, తక్కువైతే ట్రైలర్ ముందు బండిని నూకుతుంది. మా మోడల్ కూడా అదే పద్ధతిలో చేశాం. బోర్డు నుంచి సిగ్నల్ వెళ్తే బ్రేకు, లేకపోతే ఫ్రీ.

డెమో బాగా నడిచింది. మూడుసార్లు స్విచ్ నొక్కితే మూడుసార్లూ చక్రం ఆగింది. అప్పుడు మా మెకానికల్ సార్ దగ్గరికి వచ్చి, ఏం అనకుండా వైరు పీకిండు. స్విచ్ నొక్కమన్నడు. నొక్కినం. చక్రం తిరుగుతూనే ఉంది. సార్ అడిగింది ఒకటే. ట్రాలీ ఊడిపోయినప్పుడే కదా బ్రేకు అసలు అవసరం, అప్పుడు వైరు ఉంటదా అని.

మా దగ్గర జవాబు లేదు. సుమారు 150 ఏళ్ల కింద ఇదే ప్రశ్న ఇంకో మనిషికి ఎదురైంది. ఆయన దగ్గర కూడా అప్పటికి జవాబు లేదు. కానీ ఏడాది తిరగకముందే జవాబుతో వచ్చాడు. ఆయన పేరు జార్జ్ వెస్టింగ్‌హౌస్. మనకు ఎడిసన్, టెస్లా కథల్లో మూడో మనిషిగా మాత్రమే తెలిసిన పేరు. నాకు మాత్రం ఆయన బ్రేకుల మనిషిగానే పరిచయం అయ్యాడు. ఆయన గురించే ఈ వ్యాసం.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబర్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సెంట్రల్ బ్రిడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రికి నూర్పిడి యంత్రాలు, వ్యవసాయ పనిముట్లు చేసే షెడ్డు ఉండేది. మన దగ్గర హార్వెస్టర్ రిపేర్ షెడ్లు ఉంటాయే, అలాంటి వాతావరణం అనుకోండి. 1856లో కుటుంబం స్కెనెక్టడీ పట్టణానికి మారింది. పిల్లవాడికి బడి చదువు మీద కంటే షెడ్డులోని లేత్ మీదే ధ్యాస. అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు సైన్యంలో చేరాలని ఇంట్లో పోరాడి, 1863లో చేరాడు. తర్వాత నౌకాదళంలో ఇంజనీరుగా పని చేశాడు. అదే యుద్ధంలో అన్న ఆల్బర్ట్ చనిపోయాడు.

1865లో యుద్ధం నుంచి తిరిగొచ్చి యూనియన్ కాలేజీలో చేరాడు. ఒక్క సెమిస్టర్ కూడా పూర్తి కాలేదు, మూడు నెలలకే మానేశాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయనకు మొదటి పేటెంట్ వచ్చింది, ఒక రోటరీ ఆవిరి ఇంజనుకు. అప్పుడు ఆయన వయసు 19. నా వయసు. ఈ లైను చదివినప్పుడు నాకు కొంచెం బాధేసిన మాట నిజం. కానీ ఆ ఇంజను వ్యాపారంగా ఏమీ కాలేదని చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఆయన చూపు రైళ్ల మీద పడింది. ఒకసారి పట్టాలు తప్పిన పెట్టెలను సిబ్బంది గంటల తరబడి కడ్డీలతో ఎత్తి పట్టాల మీదికి తెస్తుంటే చూశాడు. ఆ పని తొందరగా అయ్యేలా ఒక సాధనం చేశాడు. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే ముక్క తొందరగా అరిగిపోతుంటే, తిప్పి రెండో వైపు కూడా వాడుకునేలా ఉక్కుతో పోయించాడు. రైల్లోనే మార్గరీట్ అనే అమ్మాయి పరిచయమైంది, 1867లో పెళ్లి చేసుకున్నారు. మనిషి జీవితంలో ముఖ్యమైనవన్నీ పట్టాల పక్కనే జరిగాయన్నమాట.

1866లో స్కెనెక్టడీ, ట్రాయ్ పట్టణాల మధ్య ప్రయాణిస్తుంటే ఆయన ఎక్కిన రైలు ఆగిపోయింది. ముందు రెండు గూడ్స్ బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పగలు, సీదా పట్టా, చదును నేల. ఇద్దరు డ్రైవర్లూ ఒకరినొకరు చూశారు. చూసి కూడా ఆపలేకపోయారు. ఆపడానికి టైం చాలలేదని అక్కడి వాళ్లు చెప్పారు. అందరూ దాన్ని రైళ్ల స్వభావం అనుకున్నారు. వెస్టింగ్‌హౌస్‌కు మాత్రం అది ఒక బగ్‌లాగా కనిపించింది.

అప్పట్లో రైలు ఎలా ఆగేదో తెలిస్తే మనకూ అలాగే అనిపిస్తుంది. ఇంజను డ్రైవర్ విజిల్ వేస్తాడు. ఆ విజిల్ విని బ్రేక్‌మెన్ అనే పనివాళ్లు పెట్టె పెట్టెకూ పోయి చేత్తో చక్రం తిప్పి బ్రేకులు బిగించాలి. గూడ్స్ బండి అయితే ఆ చక్రాలు పెట్టెల కప్పు మీద ఉంటాయి. నడుస్తున్న బండి మీద, వానలో, మంచులో, రాత్రిపూట ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకుతూ పోవాలి. జారితే కింద పట్టాలే. ఒక్కో మనిషి రెండు మూడు పెట్టెలు చూసుకునేవాడు. అందరూ ఒకే క్షణంలో బిగించరు కాబట్టి పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. మా ట్రాలీ ట్రాక్టర్‌ను నూకినట్టే, కాకపోతే ముప్పై ట్రాలీలు వరుసగా.

డ్రైవర్ ఒక్కడే అన్ని పెట్టెల బ్రేకులూ వేయగలగాలి, అదీ ఆయన పెట్టుకున్న లక్ష్యం. ముందు బండి పొడవునా ఒక గొలుసు లాగితే ఎలా ఉంటుందని ఆలోచించాడు, బండి పొడవైతే గొలుసు పనికిరాదు. తర్వాత ఇంజనులోని ఆవిరినే గొట్టాల్లో పంపితే అనుకున్నాడు, కానీ ఆవిరి దూరం పోయేసరికి చల్లారి నీళ్లవుతుంది. ఇక్కడ ఆగిపోయినప్పుడు ఒక పత్రికలో ఒక వార్త చదివాడు. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఆల్ప్స్ కొండల కింద మోంట్ సెనిస్ సొరంగం తవ్వుతున్నారు. లోపల డ్రిల్లు మిషన్లు సొరంగం బయటి నుంచి గొట్టంలో వచ్చే కంప్రెస్డ్ గాలితో నడుస్తున్నాయి, 3,000 అడుగుల దూరం నుంచి. గాలి చల్లారినా గాలే. గొట్టంలో గడ్డకట్టదు, నీళ్లవదు. అంత దూరం డ్రిల్లు తిప్పగలిగితే, రైలు పొడవు ఎంత? ఆయనకు కావలసింది దొరికింది.

ఐడియా ఉన్నా డబ్బు లేదు. తండ్రి కూడా నమ్మి పెట్టుబడి పెట్టలేదు. ఎక్కిన రైల్వే ఆఫీసుల మెట్లన్నీ దిగాడు. చివరికి పిట్స్‌బర్గ్‌లో రాల్ఫ్ బాగలీ అనే మిత్రుడు డబ్బు సర్దితే, ప్యాన్‌హ్యాండిల్ అని పిలిచే ఒక రైల్వే లైను వాళ్లు ట్రయల్‌కు ఒప్పుకున్నారు. ఖర్చు మాది కాదు, బండికి ఏమైనా అయితే భరించాల్సింది నువ్వే అనే షరతు మీద. ఆ మొదటి ప్రయాణం గురించి ఒక కథ అందరూ చెప్తారు. బండి పిట్స్‌బర్గ్‌లో సొరంగం దాటి బయటికి రాగానే పట్టాల మీద ఒక గుర్రపు బండి అడ్డం ఉంది. బండివాడు కంగారులో పట్టాల మీద పడ్డాడు. డ్రైవర్ డానియల్ టేట్ కొత్త వాల్వు తిప్పాడు. లోపల కూర్చున్న పెద్దమనుషులు సీట్లలోంచి ముందుకు పడ్డారు. తిట్టుకుంటూ కిందికి దిగి చూస్తే, ఇంజను ఆ మనిషికి నాలుగడుగుల దూరంలో ఆగి ఉంది. డెమో అంటే అది.

1869 ఏప్రిల్ 13న పేటెంట్ వచ్చింది. అదే ఏడాది వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ మొదలైంది. ఆయనకు అప్పటికి 23 ఏళ్లు కూడా నిండలేదు. కంపెనీ పెట్టిన కొద్ది కాలానికే 1871లో, తన పనివాళ్లకు శనివారం సగం పూట సెలవు ఇచ్చాడు. ఆ రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో వినని మాట.

కథ ఇక్కడ అయిపోతే ఆయన ఒక మంచి స్టార్టప్ ఫౌండర్ అంతే. నాకు ఆయన నచ్చింది దీని తర్వాత.

ఆ మొదటి బ్రేకు పనిచేసే విధానం ఇది. ఇంజను మీద గాలి ట్యాంకు. అక్కడి నుంచి బండి పొడవునా ఒక పైపు. ప్రతి పెట్టె కింద ఒక సిలిండర్. డ్రైవర్ వాల్వు తెరిస్తే గాలి పైపులోకి వచ్చి, సిలిండర్లను నింపి, బ్రేకు షూలను చక్రాలకు అదుముతుంది. మామూలుగా పైపు ఖాళీ. గాలి వస్తే బ్రేకు. ఇప్పుడు పెట్టెల మధ్య రబ్బరు గొట్టం ఒకటి ఊడిందనుకోండి. డ్రైవర్ వాల్వు తెరిస్తే గాలంతా బయటికి పోతుంది, ఏ పెట్టెకూ సరిగా బ్రేకు పడదు. పైగా గొట్టం ఊడిన సంగతి బ్రేకు వేసేదాకా ఎవరికీ తెలియదు. అచ్చం మా మోడల్. సిగ్నల్ వస్తే బ్రేకు, వైరు పోతే బ్రేకూ పోయినట్టే.

1871లో ఆయన తన బ్రేకు అమ్ముకోవడానికి ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడి ఇంజనీరింగ్ పత్రిక వాళ్లు సరైన బ్రేకుకు ఉండాల్సిన లక్షణాలు లెక్కపెట్టి చూపించారు. అందులో ఒకటి, బండి నడుస్తుండగా మధ్యలో తెగి రెండు ముక్కలైతే రెండు ముక్కలకూ తమంతట తామే బ్రేకులు పడాలి. వెస్టింగ్‌హౌస్ బ్రేకు ఆ పరీక్షలో తప్పుతుంది. అప్పటికే ఆ బ్రేకు అమెరికాలో బాగా అమ్ముడవుతోంది. వేరే వాళ్లయితే అలాంటి కేసు అరుదు అని వాదించేవాళ్లు. ఆయన తన సక్సెస్ అయిన వెర్షన్‌ను తానే పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి డిజైన్ చేశాడు.

1872 మార్చిలో పేటెంట్ పొందిన ఆ కొత్త డిజైన్ పేరు ఆటోమేటిక్ ఎయిర్ బ్రేక్. మార్పు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆయన సంకేతాన్ని తలకిందులు చేశాడు. ఇప్పుడు పైపులో ఎప్పుడూ గాలి నిండి ఉంటుంది. గాలి ఉంటే బండి ఫ్రీ. గాలి తగ్గితే బ్రేకు.

దీనికోసం ప్రతి పెట్టె కింద సిలిండర్‌తో పాటు ఒక చిన్న గాలి ట్యాంకు పెట్టాడు. ఆ రెండింటికీ పైపుకూ మధ్యలో ట్రిపుల్ వాల్వు అనే ఒక పరికరం. పేరులో చెప్పినట్టు అది మూడు పనులు చేస్తుంది. పైపులో ఒత్తిడి పెరిగితే లోపలి పిస్టన్ ఒకవైపు జరిగి పెట్టె ట్యాంకును నింపుతుంది, సిలిండర్‌లోని గాలిని బయటికి వదిలి బ్రేకు విప్పుతుంది. పైపులో ఒత్తిడి తగ్గితే పిస్టన్ రెండో వైపు జరిగి, ట్యాంకులో దాచుకున్న గాలిని సిలిండర్‌లోకి పంపి బ్రేకు వేస్తుంది. నింపడం, వేయడం, విప్పడం. డ్రైవర్ కావాలని గాలి వదిలినా, గొట్టం పగిలినా, బండి తెగిపోయినా ఆ వాల్వుకు ఒకటే, పైపులో గాలి తగ్గింది. వెంటనే ఆపేస్తుంది. ఎందుకు తగ్గిందని అడగదు.

మన సీఎస్ భాషలో చెప్పాలంటే ఇది హార్ట్‌బీట్. సర్వర్ నేను బతికే ఉన్నాను అని పంపుతూనే ఉండాలి. అది ఆగిపోతే అవతలి వాడు ఏదో తప్పు జరిగిందని అనుకోవాలి. చెడిపోయినవాడు నేను చెడిపోయాను అని మెసేజ్ పంపలేడు. ఈ సంగతిని ఆయన ఇనుముతో, గాలితో చేసి చూపించాడు.

మనం దీన్ని రోజూ చూస్తూనే ఉన్నాం. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు చైన్ లాగే మహానుభావులు తెలిసే ఉంటారు. ఆ చైన్ డ్రైవర్‌కు బెల్లు కొట్టి బతిమాలడానికి కాదు. లాగగానే బ్రేకు పైపులోంచి గాలి బయటికి పోతుంది. ఆ సుయ్‌మనే చప్పుడు అదే. మన ఎయిర్ బ్రేకు రైళ్లలో ఆ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉంచుతారు. చివరి పెట్టెదాకా ఆ ఒత్తిడి చేరిందో లేదో చూడకుండా బండి కదలదు. సింగరేణి బొగ్గు మోసే గూడ్స్ కూడా అంతే. చాలా ఏళ్లు మన రైల్వేలో వాక్యూమ్ బ్రేకులు ఉండేవి. వాటి సూత్రం కూడా ఇదే, గాలి నింపే బదులు పైపులోంచి గాలి పీల్చి ఉంచుతారు, గాలి లోపలికి చొరబడితే బ్రేకు పడుతుంది. కానీ వాక్యూమ్‌తో బయటి వాతావరణం ఇచ్చే ఒత్తిడికి మించి బలం రాదు. బరువైన, పొడవైన గూడ్స్ బండ్లు వచ్చినంక మన రైల్వే కూడా వెస్టింగ్‌హౌస్ దారికే వచ్చింది.

సంకేతం తలకిందులు చేయకపోతే ఏమవుతుందో 1889 జూన్ 12న ఐర్లాండ్‌లో అర్మా అనే ఊరి దగ్గర లోకం చూసింది. బడి పిల్లలు, వాళ్ల పెద్దలు నిండిన ఒక విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగిపోయింది. దానికి వాక్యూమ్ బ్రేకు ఉంది కానీ ఆటోమేటిక్ రకం కాదు, పైపు విప్పితే బ్రేకు కూడా విడిపోయే రకం. బండిని రెండు ముక్కలు చేసి ముందు సగం మొదట తీసుకుపోదామని సిబ్బంది నిర్ణయించారు. వెనుక సగాన్ని పట్టి ఉంచడానికి చివరి పెట్టెలో ఒక చేతి బ్రేకు, చక్రాల కింద రాళ్లు. అవును, రాళ్లే. ముందు సగం కదలబోతూ కొంచెం వెనక్కి జారి వెనుక సగానికి తగిలింది. రాళ్లు నలిగిపోయాయి. పెట్టెలు వాలు మీద వెనక్కి పరుగెత్తి, వెనుక వస్తున్న ఇంకో రైలును గుద్దుకున్నాయి. 80 మంది దాకా చనిపోయారు, చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటన్ ప్రయాణికుల రైళ్లన్నిటికీ ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. వెస్టింగ్‌హౌస్ పేటెంట్ వచ్చి అప్పటికి 17 ఏళ్లు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు చిన్నాయన బండరాయి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

అమెరికాలో కూడా గూడ్స్ బండ్ల సంగతి అలాగే నడిచింది. ప్రయాణికుల రైళ్లకు ఎయిర్ బ్రేకు తొందరగానే వచ్చింది, ఎందుకంటే ప్రయాణికులు చనిపోతే పేపర్లలో వస్తుంది. గూడ్స్ కప్పుల మీద దూకేవాళ్లు మాత్రం చాలా ఏళ్లు అలాగే దూకారు. ప్రతి పెట్టెకూ వాల్వు పెట్టాలంటే ఖర్చు. మనిషి చవక.

పొడవైన గూడ్స్‌కు నిజంగానే ఒక టెక్నికల్ సమస్య కూడా ఉంది. 1886లో బర్లింగ్టన్ అనే చోట 50 పెట్టెల బండ్లతో బ్రేకుల పోటీ పరీక్షలు పెట్టారు. వెస్టింగ్‌హౌస్ బ్రేకు అక్కడ ఫెయిలైంది. ముందు పెట్టెలకు బ్రేకు పడి ఆగుతుంటే, గాలి తగ్గిన కబురు ఇంకా చివరి పెట్టెలకు చేరలేదు. అవి వచ్చి ముందువాటిని గుద్దాయి. వెనుక పెట్టెల్లో ఉన్నవాళ్లు కింద పడ్డారు. లేటెన్సీ సమస్య అన్నమాట. 1887లో మళ్లీ పరీక్షలు. ఈసారి కరెంటుతో వాల్వులు తెరిచే బ్రేకులు బాగా పనిచేశాయి. కరెంటు కబురు అన్ని పెట్టెలకూ ఒకేసారి చేరుతుంది కదా. గాలితో నడిచి, కరెంటుతో వాల్వు తెరుచుకునే బ్రేకే మంచిదని పరీక్షల కమిటీ తేల్చింది.

ఇక్కడ చూడండి తమాషా. వెస్టింగ్‌హౌస్ ఆ ముందు ఏడాదే తన ఎలక్ట్రిక్ కంపెనీ పెట్టాడు. కరెంటు బ్రేకు అమ్ముకోవడానికి ఆయనకంటే తగినవాడు లేడు. పోటీలో తానూ కరెంటు వాల్వులు పెట్టి చూపించాడు కూడా. అయినా దాని మీద ఆధారపడటం ఆయనకు ఇష్టం లేదు. గూడ్స్ పెట్టెలు ఎండలో వానలో ఏళ్ల తరబడి తిరుగుతాయి, ఈరోజు ఒక బండికి, రేపు ఇంకో బండికి తగిలిస్తారు. 50 పెట్టెల మధ్య 49 కరెంటు కనెక్షన్లు. ఒక్కటి తుప్పు పడితే చాలు. ఆయన కొన్ని నెలల్లోనే ట్రిపుల్ వాల్వును మార్చాడు. ఎమర్జెన్సీలో గాలి ఒక్కసారిగా తగ్గితే ప్రతి పెట్టె వాల్వు తన దగ్గర కూడా పైపులోంచి కొంత గాలి లాగేస్తుంది. దాంతో పక్క పెట్టెకు కబురు తొందరగా చేరుతుంది, అది దాని పక్కదానికి. డ్రైవర్ ఒక్కడే మొత్తం పైపు ఖాళీ చేయాల్సిన పని లేదు, ప్రతి పెట్టె కబురును ముందుకు పంపే రిలే అయింది. 50 పెట్టెల బండిలో చివరిదానికి రెండు మూడు సెకన్లలో బ్రేకు పడింది. వైరు లేకుండా. ఆ బండిని ఊరూరా తిప్పి చూపించాడు.

చివరికి 1893 మార్చిలో అమెరికా చట్టం వచ్చింది, రైళ్లకు ఎయిర్ బ్రేకులు, ఆటోమేటిక్ కప్లింగులు ఉండి తీరాలని. లోరెంజో కాఫిన్ అనే ఆయన రైలు కార్మికుల కోసం ఏళ్ల తరబడి తిరిగి సాధించిన చట్టం అది. అంటే వాల్వు ఒక్కటే సరిపోలేదు. వాల్వు పెట్టించే మనిషి కూడా కావలసి వచ్చింది.

మిగతా జీవితం మీకు కొంత తెలిసిందే. ఏసీ కరెంటును నమ్మి, 1888లో టెస్లా పేటెంట్లు తీసుకున్నాడు. డీసీ వైపు నిలబడ్డ ఎడిసన్‌తో పెద్ద గొడవ. 1893లో చికాగో ఎగ్జిబిషన్‌కు దీపాలు వెలిగించాడు. 1895లో నయాగరా నుంచి ఏసీ కరెంటు మొదలైంది. రామగుండం ఎన్టీపీసీ నుంచి మన ఇళ్లకు వచ్చే కరెంటు ఆ దారిలోదే. కానీ ఆయన మంచి అప్పుల మనిషి కాదు. 1907 ఆర్థిక సంక్షోభంలో తన పేరున్న ఎలక్ట్రిక్ కంపెనీ మీద తానే పట్టు కోల్పోయాడు. బ్రేకుల కంపెనీ మాత్రం నిలబడింది. 360కి పైగా పేటెంట్లు పొందిన ఆయన 1914 మార్చి 12న న్యూయార్క్‌లో చనిపోయాడు. పాత సైనికుడు కాబట్టి ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. ఆయన భార్య కూడా అదే ఏడాది పోయింది.

ఆయన బ్రేకుల కంపెనీ వారసురాలు ఇప్పటి వాబ్‌టెక్. 2019లో అది జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల రైలింజన్ల విభాగాన్ని కలుపుకుంది. జనరల్ ఎలక్ట్రిక్ అంటే ఎడిసన్ కంపెనీలోంచి పుట్టిందే. బీహార్‌లోని మఢౌరాలో మన రైల్వే కోసం డీజిల్ ఇంజన్లు చేసేది వాళ్లే. ఎడిసన్, వెస్టింగ్‌హౌస్ చివరికి మన దగ్గర ఒకే షెడ్డులో కలిసిపోయారు.

ఇక మా మోడల్ సంగతి. అమెరికా ట్రైలర్లలో ఈ సమస్యకు ఒక జవాబు ఉంది. ట్రైలర్ మీదే ఒక చిన్న బ్యాటరీ, ఒక స్విచ్. స్విచ్ పిన్నుకు కట్టిన తీగ ముందు బండికి తగిలించి ఉంటుంది. ట్రైలర్ ఊడితే పిన్ను ఊడుతుంది, బ్యాటరీ కరెంటు అయస్కాంతాలకు పోయి బ్రేకు పడుతుంది. ప్రతి పెట్టెకూ సొంత ట్యాంకు అనే వెస్టింగ్‌హౌస్ ఆలోచనే. కానీ ఒక తేడా ఉంది. రైలు పైపులో గాలి లేకపోతే బండే కదలదు, లోపం ముందే తెలిసిపోతుంది. ట్రైలర్ బ్యాటరీ చచ్చిపోయినా బండి హాయిగా కదులుతుంది. అందుకే పిన్ను లాగి చూడటం, అయస్కాంతం దగ్గర వోల్టేజీ కొలవడం, ఎర్త్ కనెక్షన్ తుప్పు గీకడం, చక్రం జాకీ మీద లేపి షూలు సరిచేయడం లాంటివన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని చేయాలి. మరిచిపోతే లోపం దాక్కునే ఉంటుంది.

మేం అందుకే బ్యాటరీ దారి కాకుండా లిఫ్టుల్లో వాడే పద్ధతి పట్టుకున్నాం. స్ప్రింగు ఎప్పుడూ బ్రేకు వేయాలనే చూస్తుంది, కరెంటు దాన్ని పట్టి ఆపుతుంది. కరెంటు పోతే స్ప్రింగు గెలుస్తుంది. కరీంనగర్ గ్రానైట్ మోసే పెద్ద లారీల పార్కింగ్ బ్రేకులో కూడా ఇలాంటి స్ప్రింగే ఉంటది, గాలి దాన్ని పట్టుకుని ఉంటది. ఈసారి సార్ వచ్చి వైరు పీకితే చక్రం టక్కున ఆగింది. సార్ నవ్వలేదు, ఇంకో వైరు పీకి చూసిండు. అదీ ఆగింది.

ఇంటికి పోయినప్పుడు చిన్నాయనకు చూపించిన. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పొలం మధ్యలో ఉట్టిగనే వైరు తెగితే ట్రాలీ అక్కడ్నే బిగుసుకుపోతదా అని. పోతది అన్న. వడ్లు వానకు తడుస్తయ్ కదా అన్నడు. నిజమే. ఆగిపోవడం కూడా ఒక నష్టమే. కాకపోతే తడిసిన వడ్లు మళ్లీ ఆరబెట్టుకోవచ్చు. ఈ మాట చెప్తే చిన్నాయన కాసేపు కాలువ కట్ట దిక్కు చూసి, ఎంత ఖర్చయితదో కనుక్కోమన్నడు.

బండరాయి మాత్రం తీసేయనన్నడు. తీసేయమని నేనూ అనలేదు. సైడింగ్‌లో నిలిపిన పెట్టెలకు రైల్వేవాళ్లు కూడా చేతి బ్రేకులు బిగించి, గొలుసు కట్టి, చక్రాల కింద చెక్క ముక్కలు పెడతారు, ఎందుకంటే నిలబెట్టి వదిలేస్తే సిలిండర్‌లోని గాలి కూడా మెల్లగా కారిపోతది. రాయి నిలబడ్డ బండికి. నడిచే బండికి, ఊడిపోయే బండికి ఇంకోటి కావాలె. ఇప్పుడు మెకానికల్ ఫ్రెండ్స్ స్ప్రింగు సైజు లెక్క కడుతున్నరు, వానాకాలం వడ్లు వచ్చేలోపు.